అమ్మాయి పడవ ఎక్కుతానంటోంది, భవిష్యత్తు ఉంటుందా?

ప్రశ్న: మా అమ్మాయికి 14 ఏళ్లు. టీనేజీ పిల్లలకు తెరచాప పడవలు, మోటారు బోట్లు నడపడం నేర్పే సంస్థ వాళ్లు బడికి వచ్చి మాట్లాడి వెళ్లారు. ఆ రోజే తను పేరు ఇచ్చి వచ్చింది. ఇక వారాంతాలన్నీ దానికే పోతాయి. వాళ్లిచ్చిన కరపత్రంలో ఒలింపిక్స్, విలాస నౌకల్లో ఉద్యోగాలు, మర్చంట్ నేవీ అని మూడు దారులు రాశారు. వాటిలో ఏది మేలో పోల్చి చెప్పండి. చదువూ ఇదీ కలిపితే రెండు పడవల మీద కాళ్లు పెట్టినట్టు కాదా? ఏ ఉద్యోగం వస్తుందో తెలియకుండా ఎలా చేర్పించాలి? ఇంకో మాట, నాకు ఈత రాదు.
ఒక తండ్రి

సమాధానం:

మీ ఉత్తరంలో అన్నిటికంటే చిన్న వాక్యం చివరిది. మిగతాదంతా దాని కోసమే రాశారనిపించింది. ఇలాంటి ఉత్తరాలు నాకు తరచూ వస్తుంటాయి. కొండలెక్కడం, గుర్రపు స్వారీ, ఇప్పుడు పడవ. అడిగేది ఉద్యోగం గురించి, లోపల ఉన్నది దిగులు. భయంగా ఉందని పిల్లల ముందు ఒప్పుకోవడం కంటే ‘దానికి భవిష్యత్తు లేదు’ అనడం పెద్దవాళ్లకు తేలిక. మీ అమ్మాయి బ్యాడ్మింటన్ ఆడతానంటే ఏ ఉద్యోగం వస్తుందని నాకు ఉత్తరం రాసేవారా? రాసేవారు కాదు. బ్యాడ్మింటన్ కోర్టులో ఎవరూ మునిగిపోరు.

అయినా పోలిక అడిగారు కాబట్టి ముందు ఆ పని కానిద్దాం.

ఒలింపిక్స్ మాట ఆ కరపత్రంలో ఉండాల్సింది కాదు. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో తెరచాప పడవల పోటీలు పారిస్‌కు దూరంగా, మార్సెయ్ తీరంలో జరిగాయి. మొత్తం 10 విభాగాలు. ఒక్కో విభాగంలో ఒక్కో దేశానికి ఒక్కటే చోటు. లెక్క మీరే వేసుకోండి. పైగా పోటీల్లో రాణించే పిల్లల్లో చాలామంది ఏడెనిమిదేళ్లకే చుక్కాని పట్టినవాళ్లు. 14 ఏళ్లకు మొదటిసారి పడవ ఎక్కబోయే పిల్లను ఆ ఆశ చూపించి రప్పించడం నాకు నచ్చలేదు. ఏరు దాటే దాకా ఓడ మల్లయ్య అన్న సామెత ఊరికే పుట్టలేదు. అలాగని సంస్థ మంచిది కాదని తేల్చేయను. కరపత్రం రాసేవారు ఒకరు, నీళ్లలో దిగి నేర్పేవారు మరొకరు.

మర్చంట్ నేవీ సంగతి వేరు. చదవాల్సిన సబ్జెక్టులు, ప్రవేశ పరీక్షలు మీకు తెలిసినవే, వాటి జోలికి పోను. సరుకు ఓడలో అధికారి కావడానికి చిన్నప్పుడు తెరచాప నడిపి ఉండాలన్న షరతు లేదు. నడిపినంత మాత్రాన ఓడలో చేయాల్సిన శిక్షణ కాలమూ తగ్గదు. ఈ దారి మీద ఏ కొంచెం ఆసక్తి ఉన్నా ఒక పని మాత్రం ఇప్పుడే చేయించండి. కంటి డాక్టరు దగ్గర రంగుల పరీక్ష. రాత్రి వేళ ఎదురుగా వచ్చే ఓడ ఎటు తిరుగుతోందో దాని ఎడమ పక్కనుండే ఎర్ర దీపం, కుడి పక్కనుండే ఆకుపచ్చ దీపం చూసి పోల్చుకోవాలి. ఆ రెండు రంగుల తేడా తెలియనివారిని ఓడ నడిపే డెక్ అధికారిగా తీసుకోరు. రెండేళ్లు రాత్రింబవళ్లు చదివి, చివరికి వైద్య పరీక్ష గదిలో రంగు చుక్కల మధ్య అంకె కనిపించక వెనుదిరిగిన అబ్బాయి ఒకడు నా ఎదురుగా కూర్చొని ఏడ్చాడు. ముందు చూపించాల్సిందన్న ఆలోచన ఇంట్లో ఎవరికీ రాలేదు. నన్ను అడిగి ఉంటే నాకైనా వచ్చేదో లేదో! అప్పటి నుంచి అందరికీ చెబుతున్నాను.

ఇక విలాస నౌకలు, అంటే సంపన్నుల యాట్‌లు. ఈ దారి మీద నాకు చాలా అనుమానాలున్నాయి, ఇప్పుడు అందరూ మోజు పడుతున్నది దీని మీదే కాబట్టి కాస్త ఎక్కువ చెబుతాను. పిల్లలు ఫోనులో వీడియో చూసి వస్తారు. తెల్లటి నౌక, అద్దంలాంటి నీలి నీళ్లు, తిండీ బసా ఉచితం, జీతం జీతంగా మిగులుతుంది, ప్రపంచమంతా చూడవచ్చు. ఆ వీడియో తీసింది విరామంలో. మిగతా వేళల్లో ఆ అమ్మాయి డెక్కు కడుగుతూ ఉంటుంది. స్టీలు కమ్మీల మీద ఉప్పు మరకా వేలిముద్రా లేకుండా తుడుస్తూ ఉంటుంది. అతిథులు లేవకముందే లేవాలి, వాళ్లు పడుకున్నాకే పడుకోవాలి. పైనొకటి కిందొకటి మంచాలున్న ఇరుకు గదిలో ఇద్దరు సర్దుకోవాలి. సీజన్ ముగిస్తే చాలామందికి ఒప్పందమూ ముగుస్తుంది, మళ్లీ వెతుకులాట. ఆ పని తక్కువదని అనడం లేదు. ఇష్టపడి చేసి, డబ్బు కూడబెట్టుకుని, కెప్టెన్ స్థాయికి ఎదిగినవాళ్లూ ఉన్నారు. కానీ వీడియో చూసి వెళ్లేవాళ్లు వేరు, పని తెలిసి వెళ్లేవాళ్లు వేరు.

పైగా దానికి ఇప్పుడు తొందరేమీ లేదు. 2006 నాటి సముద్ర కార్మిక ఒడంబడిక ప్రకారం 16 ఏళ్లు నిండనివారిని నౌకలో పనికి పెట్టుకోకూడదు. 18 నిండేదాకా, శిక్షణ వంటి కొన్ని సందర్భాల్లో తప్ప, రాత్రి పని చేయించకూడదు. ఈ రంగంలో విలువున్న, సముద్రంలో పడవకు సారథ్యం వహించగలరని చెప్పే యాట్‌మాస్టర్ ఆఫ్‌షోర్ యోగ్యతను బ్రిటన్‌కు చెందిన రాయల్ యాటింగ్ అసోసియేషన్ ఇస్తుంది. ఆ పరీక్షకు కనీసం 17 ఏళ్ల వయసు, 50 రోజుల సముద్ర అనుభవం, 2,500 నాటికల్ మైళ్ల ప్రయాణం ఉండాలి. అవి వారాంతపు తరగతుల్లో పోగయ్యే మైళ్లు కావు. ఈ దారిలో నిజంగా ముందు చేతికందే సంపాదన ఏదంటే, చిన్న పిల్లలకు పడవ నేర్పడం. ఆ బ్రిటన్ సంస్థ పద్ధతిలో 16 ఏళ్లకే చిన్న పడవల శిక్షకులు కావచ్చు. కరపత్రంలో దాని ఊసే లేదు.

పోలిక ఇంతటితో ఆపేస్తాను. మూడింటిలో ఏది మేలో తేల్చలేదని మీకు కోపం రావచ్చు. 14 ఏళ్ల పిల్ల ఒక వారాంతం సరదాను ముప్పై ఏళ్ల జీతంతో తూచమంటే నా దగ్గర తక్కెడ లేదు. 1941లో, యుద్ధం నడుస్తుండగా, వేల్స్ తీరంలోని అబెర్‌డవీలో కర్ట్ హాన్ అనే విద్యావేత్త, లారెన్స్ హోల్ట్ అనే నౌకల యజమాని కలిసి ఔట్‌వర్డ్ బౌండ్ అనే బడి పెట్టారు. ఓడ మునిగినప్పుడు వయసు మళ్లిన నావికులు తట్టుకుంటున్నారు, కుర్రవాళ్లు ముందే చేతులెత్తేస్తున్నారన్నది హోల్ట్ బెంగ. ఓడల వ్యాపారి అయి ఉండి కూడా ఆయన ఆ బడిని నావికులను తయారుచేసే చోటుగా చూడలేదు. సముద్రం చేత పిల్లలకు పాఠం చెప్పించాలనుకున్నాడు. మీరేమో పాఠం మొదలు కాకముందే నియామక పత్రం అడుగుతున్నారు.

ఇప్పుడు మీ చివరి వాక్యానికి వద్దాం. కొన్నేళ్ల కిందట ఇలాంటి ఒక శిక్షణ కేంద్రానికి వెళ్లి గట్టు మీద నిలబడ్డాను. పన్నెండు, పదమూడేళ్ల అమ్మాయి ఒక్కతే చిన్న పడవలో ఉంది. బోటులో పక్కనే ఉన్న కోచ్ ‘ఊఁ, పడగొట్టు’ అన్నాడు. ఆమె ఒక అంచు మీదికి బరువంతా వేసింది. పడవ ఒరిగింది, తెరచాప నీళ్ల మీద చప్పున పరుచుకుంది, అమ్మాయి కనిపించలేదు. నా పక్కన ఆమె తల్లి కళ్లు మూసుకుంది. మరుక్షణం తల పైకి వచ్చింది. ఒక చేయి పడవ మీదే ఉంది, దాన్ని వదలకూడదని నేర్పారు. చుట్టూ ఈది పడవ అడుగు వైపు వెళ్లి, అక్కడ పొడుచుకొచ్చిన పలకను రెండు చేతులా పట్టుకుని వేలాడింది. కాసేపు ఏమీ కదలలేదు. తర్వాత తెరచాప నీటిని విడిపించుకుని నెమ్మదిగా లేచింది, మీది నుంచి నీళ్లు ధారలు కట్టాయి. అమ్మాయి బొక్కబోర్లా లోపలికి పడి, లేస్తూనే నీళ్లు తోడే ముంత కోసం చేయి చాచింది. ముంత ఎక్కడికీ పోలేదు, దాన్ని పడవకు తాడుతో కట్టి ఉంచారు. తల్లి కళ్లు తెరిచేసరికి కూతురు నీళ్లు తోడుతోంది.

బోల్తా పడటమే అక్కడ మొదటి పాఠం. మీరు దేన్ని ప్రమాదం అనుకుంటున్నారో దాన్ని వాళ్లు కావాలని, పక్కన మనిషిని పెట్టుకుని, మళ్లీ మళ్లీ చేయిస్తారు. చేయించని చోట మాత్రం చేర్పించకండి. భయపడాల్సినవి వేరే ఉన్నాయి. పడవ మలుపు తిరిగేటప్పుడు తెరచాప కింది అడ్డకొయ్య ఈ పక్క నుంచి ఆ పక్కకు విసురుగా వచ్చి తలకు తగులుతుంది. నీళ్లు బాగా చల్లగా ఉంటే పడిన మొదటి నిమిషంలో ఊపిరి అదుపు తప్పుతుంది, ఎంత ఈత వచ్చినా సరే. అందుకే ఈత వచ్చినవాళ్లకూ లైఫ్ జాకెట్ తప్పనిసరి. అది సరిగా పట్టిందో లేదో మీరే చూడవచ్చు. తొడిగి, పట్టీలు బిగించాక రెండు భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగండి. చెవుల దాకా లేచిందంటే అది ఆమె కొలత కాదు.

సంస్థను అడగాల్సింది ఉద్యోగాల గురించి కాదు. ఎన్ని పడవలకు ఒక రక్షణ బోటు ఉంటుంది? గాలి ఎంత దాటితే తరగతి ఆపేస్తారు? ఈ ఏడాది ఎన్నిసార్లు ఆపారు? ఒక్కసారీ ఆపలేదని గర్వంగా చెబితే దండం పెట్టి వచ్చేయండి. ఏ పడవలో కూర్చోబెడతారో కూడా అడగండి, ఇది చాలామందికి తట్టని ప్రశ్న. ఆప్టిమిస్ట్ అనే బుల్లి పడవను 1947లో ఫ్లోరిడాలో క్లార్క్ మిల్స్ రెండు ప్లైవుడ్ పలకలతో అయిపోయేలా గీసిచ్చాడు, పిల్లలకు చవగ్గా దొరకాలని. ప్రపంచమంతా పిల్లలు నేర్చుకునేది ఎక్కువగా దాంట్లోనే. కానీ దాని పోటీలు 15 ఏళ్లు నిండే సంవత్సరంతో సరి. 14 ఏళ్ల అమ్మాయిని తీసుకెళ్లి ఎనిమిదేళ్ల పిల్లల మధ్య అందులో కూర్చోబెడితే నెల తిరగకుండానే మానేస్తుంది. నీళ్ల భయంతో కాదు, సిగ్గుతో. ఈ వయసులో మొదలుపెట్టేవాళ్లను ఇద్దరు నడిపే పడవలో, ఈడు పిల్లతో జత చేయాలి. టీనేజీ పిల్లలు సంస్థ కోసం రారు, తోటివాళ్ల కోసం వస్తారు, వాళ్ల కోసమే నిలబడతారు.

రెండు పడవల మాట కూడా మిగిలిపోయింది. ఇప్పుడు ఆమె వారాంతాలు ఎలా గడుస్తున్నాయో రాయలేదు మీరు. చదువుతోనే అని చెప్పకండి, నాకూ పిల్లలున్నారు. తనంతట తాను లేచి వెళ్లి పేరు ఇచ్చి వచ్చిన పిల్లను చూసి సంతోషించాల్సింది పోయి, పత్రం మీద సంతకం పెట్టడానికి ఆమె చేత భవిష్యత్తు మీద హామీ రాయించుకోవాలని చూస్తున్నారు. ఒక సీజన్‌కు సంతకం పెట్టండి. నచ్చకపోతే ఆమే మానేస్తుంది, అప్పుడు డబ్బు దండగైందని సాధించకండి.

మీ ఈత సంగతి. పెద్దవాళ్లకూ ఈత నేర్పుతారు, నడుం లోతు నీళ్లలోనే మొదలుపెడతారు. ఆమె పడవలో చేరిన వారమే మీరు ఈతలో చేరినట్టు ఇంట్లో చెప్పి చూడండి. ఆ అమ్మాయి ముఖం ఎలా ఉంటుందో నాకు రాయండి.

మొదటి రోజు మీరూ గట్టు దాకా వెళ్లండి, కళ్లు మూసుకోకండి. ఒక్కటే జాగ్రత్త. పడవ మలుపు తిరిగేటప్పుడు మాత్రం చేయి ఊపి, పేరు పెట్టి పిలవకండి. మీ గొంతు విని తల తిప్పిందంటే, అడ్డకొయ్య వచ్చేది సరిగ్గా అప్పుడే.