ఆల్బం మాత్రం విప్పకురా

చిన్నా,

మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. మీ లైబ్రరీలో విజయవాడ చరిత్రకని నీకో గది ఇచ్చారట, జనం దగ్గర పాత ఫొటోలు, ఉత్తరాలు, కరపత్రాలు సేకరిస్తావట, నవంబరులో గ్రంథాలయ వారోత్సవాలకల్లా ప్రదర్శన కూడా పెట్టేస్తావట. ఇరుగుపొరుగు అందరికీ చెప్పుకున్నాను. రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు. ఫోన్లో చెబితే "సరే అత్తా, సరే అత్తా" అని పెట్టేస్తావు కాబట్టి రాస్తున్నా.

ముందు నీళ్ల సంగతి. ఆ గది కింది అంతస్తులోనే కదా? 2024 సెప్టెంబరులో బుడమేరు సింగ్ నగర్ మీద పడ్డప్పుడు నీ ఫోన్ రెండు రోజులు మోగలేదు, నేనిక్కడ గుంటూరులో టీవీ ముందు నుంచి లేవలేదు. నీరు తీశాక మీ వీధిలోవాళ్లు తడిసిన పెళ్లి ఆల్బంలు డాబాల మీద ఆరబెట్టుకున్న ఫొటో పంపింది నువ్వే. మళ్లీ నువ్వే కింది గదికి ఒప్పుకున్నావు! పై అంతస్తు అడుగు, కుదరదంటే మళ్లీ అడుగు. అప్పటిదాకా కింది అరల్లో ఏదీ పెట్టకు. స్కాన్ చేసినవాటి కాపీ ఒక హార్డ్ డిస్కులో వేసి నాకివ్వు, బీరువాలో బంగారం ఉండాల్సిన చోట దాస్తా. అక్కడ ఎలాగూ ఖాళీయే.

మిగతావి నీకు తెలుసు. ఫొటో వెనక పెన్ను వద్దు, మెత్తటి పెన్సిలే. సెల్లోటేపు వద్దు, లామినేషన్ అసలే వద్దు. ఫొటోలు 600 డీపీఐకి తగ్గకుండా స్కాన్ చెయ్యి. పెద్దవాళ్ల మాటలు రికార్డు చేసేటప్పుడు ఫ్యాను ఆపు.

ఇక అసలు మాట. ఇది మీ నాన్నకి కూడా చెప్పలేదు. నేను ఉద్యోగంలో చేరిన నాలుగో ఏడు, ఒక చిన్న లైబ్రరీలో, ఊరి పేరెందుకులే, వారోత్సవాలకే 'మన ఊరు' అని ప్రదర్శన పెట్టాను. డెబ్బై దాటిన ఒకావిడ వాళ్ల నాన్నగారి ఆల్బం తెచ్చి నా చేతుల్లో పెట్టింది. నల్ల కాగితాల ఆల్బం, మూలలకి చిన్న త్రికోణాలు అంటించి ఫొటోలు దోపేవాళ్లే, అలాంటిది. ప్రతి ఫొటో కిందా తెల్ల సిరాతో ఆయన రాత, ఎవరెవరో, ఏ పండక్కి తీశారో. నాకేమో ఇన్‌స్పెక్షన్ టెన్షన్. ఫొటోలన్నీ తీసేసి, పెద్దవి ఒక చార్టుకి, చిన్నవి ఇంకో చార్టుకి జిగురుతో అంటించి, కింద స్కెచ్ పెన్నుతో 'పెళ్లి', 'రథోత్సవం', 'బడి' అని గుండ్రంగా రాశాను. అంత ముచ్చటగా కుదిరిందని నేనే మురిసిపోయాను. ఖాళీ ఆల్బం పాత పేపర్లతో పాటు అమ్మేశాం. అమ్మెయ్యమన్నది నేనే.

రెండో రోజు ఆవిడ మనవణ్ని వెంటబెట్టుకుని వచ్చింది. ఫొటోలన్నీ చూసుకుంది. చూసుకుని, "నాన్న రాసినవి ఏవమ్మా?" అంది. నేను చార్టు చూపించాను. "ఇది నీ రాత కదమ్మా" అంది. తిట్టినా బాగుండేదిరా. పాత పేపర్ల కొట్టుకి పరుగెత్తాను, సరుకు పొద్దున్నే లారీ ఎక్కిపోయిందన్నాడు. మళ్లీ ఆవిణ్ని కూర్చోబెట్టి పేర్లు రాసుకుంటే సగంమందిని గుర్తుపట్టింది. మిగతా సగం ఇప్పటికీ పెళ్లిలో నిలబడ్డ జనమే. ఆవిడకి నేను చిన్న రశీదు ముక్క కూడా రాసివ్వలేదు.

అందుకని ఆల్బం విప్పకు. పేజీ పేజీగా అలాగే స్కాన్ చెయ్యి. ఉత్తరాల కట్ట ఏ వరసలో వస్తే ఆ వరసలోనే ఉంచు, తారీఖుల వారీగా సర్దాలని చెయ్యి దురద పెడుతుంది, పెట్టనీ. ఎవరిచ్చారు, ఎప్పుడు, ఇస్తూ ఏమన్నారు, వాళ్లు కుర్చీలోంచి లేవకముందే రిజిస్టరులో రాసుకో. అసలుది తిరిగి కావాలంటే సంతోషంగా ఇచ్చెయ్. ప్రదర్శనలో కాపీలే పెట్టు. నవంబరుకి పది ఫొటోలు చాలు, వందెందుకు?

తారీఖు అడిగితే ఎవరూ చెప్పలేరు. "ఏ పుష్కరాలకి ముందమ్మా?" అను. కృష్ణా పుష్కరాలు 1980, 1992, 2004, 2016. అంతకు ముందువైతే దివిసీమ ఉప్పెన ఉంది, 1977. ప్రకాశం బ్యారేజీ కట్టకముందా తర్వాతా అంటే 1957 దొరుకుతుంది. ఎనభై దాటినవాళ్ల దగ్గరికి ముందు వెళ్లు, ఈ నెలలోనే వెళ్లు. నా లైబ్రరీకి రోజూ పేపరు చదవడానికి ఒక పెద్దాయన వచ్చేవారు. పాతూరి నాగభూషణం గారు కృష్ణా కాలువ మీద పడవలో లైబ్రరీ నడిపిన రోజుల్లో ఆ పడవలోంచి పుస్తకం తీసుకున్నానని ఒకసారి అన్నారు. సాయంత్రం కూర్చుని చెప్పించుకుందామనుకున్నాను. అలా ఆరేళ్లు అనుకున్నాను, ఆయన రావడం మానేశారు.

1911లో రామమోహన గ్రంథాలయం పెట్టిన ఊరు మీది, 1914లో ఆంధ్రదేశపు గ్రంథాలయ మహాసభ జరిగిన ఊరు. గది చిన్నదని చిన్నబోకు. గ్రంథాలయ ఉద్యమం నడిపిన అయ్యంకి వెంకటరమణయ్య గారి పేరు తెలియనివాళ్లు వస్తే విసుక్కోకు, చెప్పు. నీకు మీ నాన్న కోపం వచ్చింది, నాకు తెలుసు.

ఆదివారం రా, గోంగూర పచ్చడి చేస్తా. మా నాన్నగారి ఆల్బం, అదే మీ తాతయ్యది, నీకిస్తా. నాలుగో పేజీలో బ్యారేజీ మీద నిలబడ్డ ఇద్దరిలో ఎడమవైపు మనిషి ఎవరన్నదాని మీద నాకూ మీ నాన్నకీ ఇంకా తగువే. ఇద్దరి మాటా రాసుకో. రశీదు పుస్తకం తెచ్చుకో.

మీ అత్త