నడిమి రాయిని బట్టే చుట్టూ రవ్వలు

చిరంజీవి అబ్బాయికి,

నల్లగొండ నుండి మీ పెద్దనాయన ఆశీర్వదించి వ్రాయునది. ఇక్కడ అందరం క్షేమం. పాలమూరులో దుకాణం పెట్టిన తరువాత నీవు మొట్టమొదటి వజ్రపుటుంగరం పని ఒప్పుకున్నావని, ఆ ఇంటివారు తమ పాత రాయిని తెచ్చి ఇస్తామన్నారని, దాని చుట్టూ చిన్న రవ్వలు పొదిగి పెళ్లినాటికి అందించాలని మీ అమ్మ ఫోనులో చెప్పింది. చాలా సంతోషించాను. మన ఇంట్లో రాయి పని నాతోనే ఆగిపోతుందనుకున్నాను. అయితే ఆమె ఆ వెంటనే, "రవ్వలు మాత్రం అన్నిటికన్నా తెల్లనివే తెప్పిస్తాడట, ఖర్చుకు వెనకాడనని అంటున్నాడు" అన్నది. ఆ మాట విన్నప్పటి నుండి నా మనసు మనసులో లేదు.

ఆ రవ్వలకు ఇంకా డబ్బు కట్టకు. కట్టి ఉంటే మార్చి ఇమ్మని అడుగు. నడిమి రాయిని విప్పి, కడిగి, చూడకముందే రవ్వల రంగు నిర్ణయించడం లగ్గం కుదరకముందే పందిరి వేయడమే.

బంగారం సంగతి నీకు నేను చెప్పేదేమీ లేదు. హాల్‌మార్కు, దాని పక్కన అక్షరాలూ అంకెలూ కలిపి ఆరు ఉండే హెచ్‌యూఐడీ అనే గుర్తింపు సంఖ్య బంగారానికి మాత్రమే పూచీ అని, రాతికి దానితో సంబంధం లేదని గిరాకీకి ముందే చెప్పు. రాళ్ల బరువును బంగారం బరువులో నుండి తీసివేసి లెక్క కట్టు. రాళ్ల తూకంలో 5 క్యారెట్లకు ఒక గ్రాము.

రంగు మెట్లు నీకు కాగితం మీద తెలిసే ఉంటాయి. అమెరికాలో రత్నాలను పరీక్షించే జీఐఏ సంస్థ 1950ల తొలి ఏళ్లలో ఏర్పరచిన ఆ వరుస డి తో మొదలై జెడ్ తో ముగుస్తుంది. అంతకుముందు వర్తకులు ఏ అని, డబుల్ ఏ అని ఎవరికి తోచినట్టు వారు పిలుచుకునేవారు గనుక, ఆ పాత గొడవ అంటకుండా డి నుండి ఎత్తుకున్నారు. డి, ఇ, ఎఫ్ లలో రంగు లేనట్టు. జి నుండి జె వరకు దాదాపు లేనట్టు. కె దగ్గరకు వస్తే అలవాటైన కంటికి పసుపు ఛాయ తెలిసిపోతుంది. రాతిలో కలిసిన నత్రజని వల్ల వచ్చే పసుపు అది. అయితే ఆ మెట్టును నిర్ణయించేది రాయిని బోర్లించి, పక్కనుండి చూసి. ఉంగరంలో జనం చూసేది పైనుండి. పైనుండి చూసినప్పుడు మెరుపు రంగును కమ్మేస్తుంది, రాయి చిన్నదైన కొద్దీ రంగు మరింత తగ్గి కనబడుతుంది. గుండ్రని రవ్వ 1.3 మిల్లీమీటర్లు ఉంటే ఒక సెంటు తూగుతుంది. అదే చెక్కడంలో 6.5 మిల్లీమీటర్ల రాయి ఒక క్యారెట్టు, అంటే 100 సెంట్లు. వెలుతురు ఆ పెద్ద రాతిలో నడిచినంత దూరం ఈ రవ్వలో నడవదు. కాబట్టి రెండింటి మీదా ఒకే అక్షరం రాసి ఉన్నా ఉంగరంలో రవ్వ తెల్లగా, పెద్దరాయి కొంచెం పసుపుగా కనిపిస్తాయి. రవ్వలు నడిమి రాయితో సమానమైన మెట్టులోనో, ఒకటి రెండు మెట్లు కిందనో ఉంటేనే కన్ను వాటిని విడదీసి చూడదు. నీవు దీనికి సరిగ్గా తలకిందులుగా బయలుదేరావు.

ఇప్పుడు ఒక సంగతి రాస్తాను. మీ నాయన నీకు దీన్ని చెప్పి ఉండడు. నేను చెప్పినట్టు కూడా అతనితో అనవద్దు.

నేనూ మీ నాయనా హైదరాబాదులో ఒకే దుకాణంలో, పక్కపక్క పీటల మీద రాళ్లు పొదిగేవాళ్లం. ఒక ఇంటివారు తమ నాయనమ్మ ఉంగరం తెచ్చారు. వెనుక మూసిన పాత కట్టడం, రాతి కింద తళుకు రేకు, చుట్టూ మేలిమి బంగారం. మనుమరాలి పెళ్లికి దాన్ని కొత్త తరహాలో మార్చి ఇమ్మన్నారు. సేటు మంచివాడే, గిరాకీని మోసం చేయాలన్న ఆలోచన అతనికి లేదు. మంచి ఇంటివారని, పేరు రావాలని, సూరత్ నుండి మచ్చ లేని తెల్ల రవ్వలు తెప్పించి, తెల్ల బంగారంలో కట్టమన్నాడు. పని మీ నాయన చేతికి వచ్చింది. రాయిని విప్పినప్పుడే దానిలో పసుపు ఉన్నదని తమ్ముడు చూశాడు, చెప్పాడు కూడా. "ఇంత ఖర్చు పెట్టాక పసుపు ఎవరికి కనిపిస్తుంది?" అన్నాడు సేటు.

దుకాణంలోని దీపాల కింద నిజంగానే కనిపించలేదు. ఉంగరం మిలమిల మెరిసింది, వాళ్లు సంతోషంగా తీసుకుపోయారు. మరునాడు ఉదయం ఆ ముసలమ్మ స్వయంగా వచ్చింది. ఇంటి వరండాలో పగటి వెలుతురులో చూస్తే చుట్టూ తెల్లటి రవ్వల నడుమ తన రాయి చమురు పట్టినట్టు ఉన్నదట. "ఇది మా అత్తగారి రాయి కాదు, మీవాళ్లు మార్చారు" అన్నది. ఆమె అబద్ధం చెప్పడం లేదు బిడ్డా. ఇన్నేళ్లూ బంగారు పచ్చదనంలో కలిసిపోయి తెల్లగా కనిపించిన రాయిని ఆమె మొదటిసారి తెల్లదనం పక్కన చూసింది. తీసుకున్ననాడు సేటు బరువు రాసుకోలేదు, లోపలి మచ్చల బొమ్మ గీసుకోలేదు. ఇక ఏమని రుజువు చేస్తాం? అవుసలి కన్నతల్లి బంగారాన్నీ విడిచిపెట్టడని లోకం అననే అంటుంది, ఆ రోజు ఆ మాట మా ముఖం మీదే అన్నారు.

చివరికి తమ్ముడే రాయిని విప్పి, పాత కట్టడంలో ఉన్నది ఉన్నట్టు కూర్చి ఆమె చేతిలో పెట్టాడు. ఆమె కిటికీ దగ్గరకు పోయి చాలాసేపు చూసి, ఏమీ అనకుండా కొంగున ముడి వేసుకుని వెళ్లిపోయింది. పనికి డబ్బు అడగలేదు, వాళ్లు ఇవ్వలేదు. సేటుకు పోయింది డబ్బే. మీ నాయనకు మాత్రం "రాయి మార్చినవాడు" అన్న గుసగుస చార్‌కమాన్ గల్లీల్లో చాలాకాలం వెంట తిరిగింది. పాలమూరు వచ్చేసి, ఆనాటి నుండి రాయి ముట్టని మనిషి అతను. నీవు రాయి పని నేర్చుకుంటానన్నప్పుడు వద్దని ఎందుకు అరిచాడో ఇప్పటికైనా తెలుసుకో. కోపం కాదది.

అందుచేత రాయిని తీసుకునేటప్పుడే, వాళ్ల ఎదుటనే తూచు. కట్టడంలో ఉంటే మొత్తం ఉంగరాన్ని తూచి రాసి, విప్పే రోజున వాళ్లను కూర్చోబెట్టి విడిరాయిని మళ్లీ తూచు, క్యారెట్టులో నూరో వంతు వరకు రాయి. పదింతల భూతద్దంతో లోపలి మచ్చలను చూసి కాగితం మీద గీసి, రెండు ప్రతుల మీదా వాళ్ల సంతకం తీసుకో. ఆ రోజే రాయి అసలు రంగును వాళ్లకు తెల్ల కాగితం మీద చూపించు. ఉంగరం తయారయ్యాక చెప్పే నిజం సాకులాగా వినిపిస్తుంది.

వాళ్లు గోల్కొండ వజ్రమని అంటారు, చూస్తూ ఉండు. పాత రాయి ఉన్న ప్రతి ఇంట్లోనూ ఆ మాట ఉంటుంది. గోల్కొండ అంగడి మాత్రమే, గనులు కృష్ణ ఒడ్డున ఉండేవి. కొల్లూరు గని ఉన్న చోటు ఇప్పుడు పులిచింతల నీళ్ల కింద ఉన్నది. వాళ్లతో వాదించకు, రసీదులో మాత్రం ఆ మాట రాయకు.

చూసే పద్ధతి: రాయిని గోరువెచ్చని సబ్బు నీళ్లలో మెత్తటి కుంచెతో కడుగు, అడుగున జిడ్డు ఉంటే ఏ రాయైనా మబ్బుగానే ఉంటుంది. తెల్ల కాగితాన్ని మధ్యకు మడిచి, ఆ మడతలో రాయిని బోర్లించి, ఉత్తరపు కిటికీ దగ్గర, ఎండ తగలని వెలుతురులో చూడు. తెల్ల చొక్కా వేసుకో. ఒకసారి నోటి ఆవిరి పట్టించు. మెరుపు మసకబారిన ఆ క్షణంలో లోపలి రంగు బయటపడుతుంది. సాయంత్రం ఇంట్లోని పసుపు బల్బు కింద మళ్లీ చూడు. కొన్ని రాళ్లు ఎండలోని అతినీలలోహిత కిరణాలకు నీలంగా వెలుగుతాయి, ఆ నీలం పసుపును కప్పేస్తుంది, నీలిమందు పెట్టిన పంచె తెల్లగా కనిపించినట్టు. అటువంటి రాయి పగలొక రంగు, రాత్రొక రంగు చూపుతుంది. యూవీ టార్చి వేసి తెలుసుకుని, రవ్వలను కూడా అదే టార్చి కింద చూడు. కొన్ని వెలిగి కొన్ని వెలగని రవ్వలను ఒకే ఉంగరంలో కలపవద్దు.

రవ్వల పొట్లాల మీద జి-హెచ్, ఐ-జె అని జంట అక్షరాలుంటాయి. ఒక వర్తకుడి జి-హెచ్ మరొకరి జి-హెచ్ కాదు. అందుకని కావలసినన్నీ ఒకే పొట్లం నుండి తీసుకో. పొదిగేటప్పుడు ఒకటి రెండు పగలవచ్చు గనుక కొన్ని ఎక్కువే తీసుకో. రెండు మూడు పొట్లాల నుండి గుప్పెడు రవ్వలు చూడడానికి అడిగి తెచ్చుకుని, పసుపు మైనం ముద్దను వేలితో చదును చేసి, దానిలో నడిమి రాయిని గుచ్చి, ఒక పక్క జి-హెచ్ రవ్వలను, ఇంకో పక్క ఐ-జె రవ్వలను అర్ధచంద్రంగా పేర్చు. చేయి చాచినంత దూరంలో పెట్టి చూడు. ఎటువైపు చూసినప్పుడు నడిమి రాయి పెద్దదిగా, ఎక్కడా గీత గీసినట్టు విడిపోకుండా కనిపిస్తుందో ఆ పొట్లమే నీది. సర్టిఫికెట్లోని అక్షరం కన్నా ఈ మైనం ముద్ద మాటే నేను వింటాను.

ప్రయోగశాలలో పెంచిన రవ్వలు సహజమైన వాటిలో కలిసిపోయి వస్తున్నాయి. పరీక్ష చేయించినవని బిల్లు మీద రాసివ్వని వర్తకుడి దగ్గర కొనకు.

వాళ్లు తెల్ల బంగారం కావాలని పట్టుబడితే, దాని మీద తెల్లదనం కోసం వేసే రోడియం పూత అరిగితే మళ్లీ వేయించుకోవాలని చెప్పి, నడిమి రాయి కూర్చునే గిన్నెనైనా పసుపు బంగారంతో చేయడానికి ఒప్పించు. రేపు ఎవరైనా మూడు రాళ్ల ఉంగరం అడిగితే మాత్రం పై లెక్క పనికిరాదు. పక్కరాళ్లు కూడా పెద్దవే గనుక ఒక మెట్టుకు మించి తేడా ఉండకూడదు.

మైనం ముద్ద ఫోటో తీసి పంపకు. ఫోను తెల్లదనాన్ని తనకు తోచినట్టు దిద్దుకుంటుంది, దాన్ని చూసి నేను చెప్పగలిగేది ఏమీ ఉండదు. ఆ రాయిని జేబులో పెట్టుకుని ఇక్కడికి బస్సెక్కి వచ్చే ఆలోచన కూడా చేయవద్దు. రాయి విప్పే రోజు చెప్పు, నేనే వస్తాను. మీ నాయన కూడా ఆ పూట దుకాణంలోనే ఉంటే మంచిది, పక్కన కూర్చుంటే చాలు. నీ దుకాణం గోడలకు ఆకుపచ్చ రంగు వేయించావని విన్నాను. నేను వచ్చేలోపు ఆ కిటికీ పక్క గోడకైనా తెల్ల సున్నం కొట్టించు.

ఇట్లు,
మీ పెద్దనాయన