ముందు కేబుల్ చుట్టడం నేర్చుకోండి

ప్రశ్న: నమస్కారమండి. నా వయసు 23 సంవత్సరాలు. ఐటీఐలో ఎలక్ట్రీషియన్ కోర్సు పూర్తి చేశాను. మా చర్చిలో నాలుగేళ్లుగా కీబోర్డు వాయిస్తూ, మైకుల, వాద్యాల శబ్దాలను కలిపే మిక్సరు కూడా నేనే చూసుకుంటున్నాను. పెద్ద సంగీత కార్యక్రమాలకు సౌండ్ చేసే వృత్తిలో స్థిరపడాలని ఉంది. పొలం మీద 8 లక్షలు అప్పు తెచ్చి, పాత లైన్ అరే స్పీకర్లు (ఒకదాని కింద ఒకటి వరుసగా వేలాడదీసేవి), ఒక డిజిటల్ మిక్సరు కొని సొంతంగా మొదలుపెట్టమని స్నేహితులు చెబుతున్నారు. హైదరాబాదు వెళ్లి కోర్సులో చేరమని మా నాన్నగారు అంటున్నారు. ఏది మంచిదో తెలుపగలరు. - ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: పొలం మీద అప్పు మాత్రం చేయకండి. పెద్ద గాయకుల కార్యక్రమం ఒప్పుకోగానే వారి సాంకేతిక బృందం నుంచి ఏ మిక్సరు కావాలో, ఏ స్పీకర్లు కావాలో, ఎన్ని మానిటర్లు (కళాకారులకు తమ పాట తమకు వినిపించేలా వేదిక మీద పెట్టే స్పీకర్లు) ఉండాలో తెలిపే జాబితా వస్తుంది. ఆ జాబితాలో లేని పాత సామగ్రి మీ గోదాములో ఎంత ఉన్నా ఆ పని మీకు రాదు. ఎన్నో ఏళ్లుగా ఈ వ్యాపారంలో ఉన్నవారు కూడా తమ దగ్గర లేనివి తోటివారి దగ్గర అద్దెకు తెచ్చుకునే పని నడుపుతున్నారు. పైగా మన ప్రాంతంలో ఈ పని అంతా వినాయక చవితి, దసరా, సంక్రాంతి, పెళ్లి ముహూర్తాల చుట్టూ తిరుగుతుంది. ఆషాఢంలోనూ, మూఢంలోనూ బాక్సులు కదలవు. వడ్డీ మాత్రం ఆ నెలల్లోనూ కట్టాల్సిందే.

మీ ఉత్తరంలో నాకు ఎంతో ఆశ కలిగించిన విషయం మీ ఎలక్ట్రీషియన్ చదువు. మిక్సరు మీద మీటలు కదపగలిగేవారు చాలామంది దొరుకుతారు గానీ, జనరేటరు నుంచి వచ్చే కరెంటును చూసి ఇది సురక్షితమా కాదా అని చెప్పగలిగేవారు ప్రతి బృందంలోనూ ఉండరు. చాలా ఏళ్ల క్రితం ఒక ఊరి జాతరలో నేను ఈ పాఠం నేర్చుకున్నాను. పందిరి వేసినవారి మనిషి బిగించిన మూడు ఫేజుల బోర్డులో న్యూట్రల్ వైరు సరిగా బిగిసిందో లేదో చూడకుండానే నేను యాంప్లిఫయర్లు వేశాను. రెండో పాట మధ్యలో ఆ వైరు ఊడిపోయింది. 230 వోల్టులు ఉండాల్సిన లైన్లలో ఒకదానిలో వోల్టేజి 400కు దగ్గరగా లేచి, నాలుగు యాంప్లిఫయర్లు నా కళ్లముందే పొగలు కక్కాయి. ఆ రోజు నుంచి మల్టీమీటరుతో ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య, న్యూట్రల్‌కూ ఎర్తుకూ మధ్య కొలిచి, బోర్డులోని స్క్రూలు నా చేత్తో బిగించి చూసుకోనిదే ఏ పరికరానికీ ప్లగ్గు పెట్టనివ్వడం లేదు. సామగ్రి పోతే మళ్లీ కొనుక్కోవచ్చు గానీ, ఎర్తు లేని వేదిక మీద గిటారు తీగలు పట్టుకున్న కళాకారుడు పెదవులతో మైకును తాకితే ప్రాణమే పోవచ్చు.

అందువల్ల విజయవాడలోనో గుంటూరులోనో నిలదొక్కుకున్న ఒక సౌండ్ సర్వీసులో సహాయకుడిగా చేరండి. ఫోనులో అడిగితే పని దొరకడం అరుదు. కార్యక్రమం ఉన్న రోజు మధ్యాహ్నం, లారీ నుంచి సరుకు దిగే వేళకు అక్కడికి వెళ్లి, ఎలక్ట్రికల్ పని వచ్చునని చెప్పి, ఆ రోజుకు చెయ్యి సాయం చేస్తానని అడగండి. రాత్రి 2 గంటలకు లారీ నిండేదాకా ఉన్నవారికి మరుసటి వారం కబురు వస్తుంది.

మొదటి నెలల్లో బాక్సులు మోయడం, కేబుళ్లు పరచడం, మళ్లీ చుట్టడం తప్ప వేరే పని ఉండదు. దాన్ని చిన్నచూపు చూడకండి. కేబులును అరచేతికీ మోచేతికీ బిగించి చుట్టే అలవాటు మన దగ్గర చాలామందికి ఉంది. అలా చుట్టిన ప్రతిసారీ లోపలి సన్నని పోగులు మెలిపడి, కొన్నాళ్లకు తెగి, సరిగ్గా పాట మధ్యలో మైకు చరచరలాడుతుంది. ఒక చుట్టు మామూలుగా వేసి, తరువాతి చుట్టును మణికట్టు తిప్పి లోపలివైపుగా తిరగేసి వేస్తూ పోతే, మెలికలు ఒకదానినొకటి రద్దు చేసుకుంటాయి. అలా చుట్టిన 20 మీటర్ల కేబులును ఒక కొస పట్టుకుని విసిరితే చిక్కు లేకుండా తిన్నగా పరుచుకుంటుంది. కొత్తవాడికి పని వచ్చో రాదో మేము ఈ ఒక్క చుట్టడంతోనే తేల్చుకుంటాం.

తరువాత వేదిక మీద ఏ మైకు మిక్సరులోని ఏ ఛానెల్‌కు వెళ్తుందో చూసుకునే పని, ఆ తరువాత కళాకారుల మానిటర్లు కలిపే పని వస్తాయి. ప్రేక్షకుల వైపు మిక్సరు దగ్గర కూర్చునే అవకాశం రావడానికి రెండు మూడేళ్లు పట్టినా నిరాశ పడకండి. ఈలోగా మిక్సరు కంపెనీలు ఉచితంగా ఇచ్చే సాఫ్ట్‌వేరును కంప్యూటరులో వేసుకుని సాధన చేయవచ్చు. వీలైనప్పుడల్లా కర్ణాటక సంగీత కచేరీలకు పనిచేయండి. విజయవాడ తుమ్మలపల్లి కళాక్షేత్రంలోనో, హైదరాబాదు రవీంద్రభారతిలోనో గాత్రం, వయొలిన్, మృదంగం, తంబురా అనే నాలుగింటిని, మృదంగం ఎడమ మూత నాదం ముద్దకట్టకుండా, సాహిత్యం చివరి వరుసకు స్పష్టంగా వినిపించేలా కలపగలిగితే, 32 ఛానెళ్ల బ్యాండును కలపడానికి కావలసిన వినికిడి మీకు వచ్చేసినట్టే. నా మటుకు నాకు ఇంతకు మించిన బడి కనపడలేదు.

మీ నాన్నగారి మాట కూడా తోసిపుచ్చదగినది కాదు. ఒక ఏడాది పని చేశాక కోర్సులో చేరితే ఏమి అడగాలో మీకు తెలిసి ఉంటుంది. ముంబయిలో ఏటా జరిగే సౌండ్ పరికరాల ప్రదర్శన పామ్ ఎక్స్‌పోకు ఒకసారి వెళ్లి రండి. చెవులను ఇప్పటి నుంచే కాపాడుకోండి: 85 డెసిబెళ్ల శబ్దాన్ని రోజుకు 8 గంటలు భరించవచ్చునని నిపుణులు లెక్క కట్టారు, ప్రతి 3 డెసిబెళ్లకూ ఆ సమయం సగమవుతుంది, అంటే 100 డెసిబెళ్ల దగ్గర 15 నిమిషాలే. చెవి ప్లగ్గులు జేబులో లేకుండా పనికి వెళ్లకండి.

ప్రశ్న: నాన్నగారి తరువాత ఆయన మైకు సెట్టును రెండేళ్లుగా నేనే నడుపుతున్నాను. ఆర్కెస్ట్రా గాయకులు ఇంకా పెంచమంటారు. పెంచితే మైకు కుయ్యిమంటుంది. వెనక వరుసలవారికి మాటలు అర్థం కావడం లేదంటారు. ముందు ఇళ్లవారేమో పోలీసులకు ఫోను చేస్తున్నారు. ఏమి చేయాలి? - ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: అమ్మా, మీ కష్టాలన్నిటికీ మూలం చాలావరకు ఒక్కటే: వేదిక పక్కనున్న రెండు స్పీకర్లతోనే మైదానమంతా వినిపించాలని చూడడం. ఆరుబయట దూరం రెట్టింపైన ప్రతిసారీ శబ్దం 6 డెసిబెళ్లు తగ్గుతుంది. 4 మీటర్ల దగ్గర 100 ఉంటే 32 మీటర్ల దగ్గర 82 మాత్రమే మిగులుతుంది. వెనకవారి కోసం పెంచితే ముందువారి చెవులు పగులుతాయి. మైదానం మధ్యలో రెండు చిన్న స్పీకర్లు పెట్టి, ముందు స్పీకర్లను తగ్గించండి. అయితే శబ్దం 34 మీటర్లు ప్రయాణించడానికి సెకనులో సుమారు పదో వంతు పడుతుంది కాబట్టి, అంత దూరంలో పెట్టిన స్పీకర్లకు మిక్సరులో 100 మిల్లీసెకన్ల డిలే (ఆలస్యం) ఇవ్వాలి. లేకపోతే ప్రతి మాటా రెండుసార్లు వినిపిస్తుంది.

కూత విషయంలో, గాయకులు మైకు జాలీని పిడికిలితో మూసి పట్టుకుంటున్నారేమో గమనించండి. అలా మూస్తే అది ముందువైపు శబ్దాన్నే పట్టే గుణం కోల్పోతుంది. మానిటరు మైకు తోకవైపు ఉండాలి. వాడని మైకులు మూసేయండి: 8 తెరిచి ఉన్నచోట 4 చేస్తే 3 డెసిబెళ్ల వెసులుబాటు వస్తుంది.

ఇరుగుపొరుగు ఫిర్యాదు న్యాయమైనదే. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు ఆరుబయట లౌడ్‌స్పీకర్లు వాడరాదు. పగలు కూడా ఆ స్థలం సరిహద్దు దగ్గర, అక్కడి పరిమితి కంటే 10 డెసిబెళ్లు ఎక్కువ లేదా 75 డెసిబెళ్లు, ఈ రెంటిలో ఏది తక్కువైతే దానిని మించకూడదు. నివాస ప్రాంతంలో పగటి పరిమితి 55 కాబట్టి మీకు వర్తించేది 65. పండుగల సందర్భంలో రాష్ట్ర ప్రభుత్వం ఏడాదికి 15 రోజులకు మించకుండా అర్ధరాత్రి వరకు సడలింపు ఇవ్వవచ్చు. అనుమతి పత్రం నకలు కమిటీవారి నుంచి అడ్వాన్సుతో పాటే తీసుకోండి. చివరి పాట 9 గంటల 45 నిమిషాలకల్లా మొదలుకావాలని ఒప్పందంలో రాయించి, గాయకులకిచ్చే పాటల జాబితాలో కూడా అదే మాటను పై వరుసలో పెద్ద అక్షరాలతో రాయండి.