నెట్ పోయినప్పుడు సాకెట్.ఐఓలో (బ్రౌజర్‌కీ సర్వర్‌కీ మధ్య అప్పటికప్పుడు సందేశాలు పంపే లైబ్రరీ) పంపిన ఈవెంట్, అంటే సందేశం, ఏమవుతుంది?

మామూలుగా పోదండీ, కనెక్షన్ తెగి ఉన్నప్పుడు ఎమిట్ చేసినవాటిని (అంటే పంపినవాటిని) బ్రౌజర్‌ వైపు నడిచే క్లయింట్ లైబ్రరీ బ్రౌజర్ మెమరీలో దాచిపెట్టి మళ్లీ కనెక్ట్ అవ్వగానే వరసగా పంపేస్తుంది. కనెక్ట్ అవ్వడానికి కూడా అదే మొదట సుమారు 1 సెకనుకి, తర్వాత 5 సెకన్ల దాకా గ్యాప్ పెంచుకుంటూ ట్రై చేస్తూ ఉంటుంది.

పర్లాకిమిడిలో ఓ కిరాణా కొట్టు ల్యాప్‌టాప్ అనుకోండి, కరెంటు పోయి రౌటర్ ఆగాక కొట్టిన 3 ఆర్డర్లు నెట్ రాగానే వెళ్తాయి, కానీ ఈలోపు ఎవరైనా పేజీ రిఫ్రెష్ చేశారా, మూడూ గోవిందా.

చాలామంది ఎమిట్ చేస్తే చేరినట్టే అనుకుంటారు, కాదు, లైన్ తెగిందని లైబ్రరీ పసిగట్టేలోపు పంపినవి దారిలోనే పోవచ్చు, చేరిందో లేదో తెలియాలంటే అక్నాలెడ్జ్‌మెంట్ (అవతలి నుంచి ‘అందింది’ అనే జవాబు) అడగాల్సిందే. బస్సు లొకేషన్‌కైతే వోలటైల్ (కనెక్షన్ లేకపోతే దాచకుండా వదిలేసే పద్ధతి) వాడండి, పాత లొకేషన్లన్నీ ఒక్కసారి కుమ్మరిస్తే ఎవరిక్కావాలి!