రెండు మైమో లింకులకి సమాన స్పీడ్ ఇస్తే న్యాయంగా పంచినట్టేనా?

ఒకే ఛానెల్ మీద నడిచే, నాలుగేసి యాంటెన్నాలున్న రెండు మైమో లింకులకి (లింకంటే పంపేది, అందుకునేది కలిసిన జత; మైమో అంటే ఒకేసారి చాలా యాంటెన్నాలతో పంపి, అందుకోవడం) సమాన స్పీడ్ ఇస్తే సరిపోతుందా అని అడిగారు. సరిపోదండీ. ఒకప్పుడు నేనూ సరిపోతుందనే అనుకున్నా.

బెంగళూరులో మారతహళ్లి పీజీలో ఉన్నప్పుడు అందరికీ ఒకటే వైఫై. చివరి గదిలో అనంతపురం తమ్ముడి పాత ఫోన్‌కి సిగ్నల్ సరిగా అందేది కాదు. అతను వీడియో పెట్టాడంటే రౌటర్ పక్కనే ఉన్న నా లాప్‌టాప్ కూడా నత్తనడకే. లెక్క చూడండి: ఒకరిది 54 ఎంబీపీఎస్, ఇంకొకరిది 6. ఒక్కో ప్యాకెట్ చొప్పున వంతులేస్తే ఇద్దరికీ దక్కేది 5.4. గాలిలో టైమంతా నెమ్మది ఫోనే తీసుకుంటుంది మరి. టైమునే చెరిసగం చేస్తే 27, 3 వస్తాయి. గణితవేత్త ఫ్రాంక్ కెల్లీ చెప్పిన ప్రపోర్షనల్ ఫెయిర్‌నెస్ (ఒక్కొక్కరి లాభనష్టాలని శాతాల్లో కలిపి చూసి పంచే పద్ధతి) కూడా ఇక్కడ సమాన టైమే ఇమ్మంటుంది. తమ్ముడికి కొంత తగ్గుతుంది, అది నాకూ బాధే. అయినా ఇదే న్యాయమంటాను.

యాంటెన్నాలు ఎక్కువున్నప్పుడు టైము ఒక్కటే కాదు, స్ట్రీములూ (ఒకే ఛానెల్ మీద ఒకేసారి వెళ్లే వేర్వేరు డేటా ధారలు) పంచుకోవచ్చు. ఇది ఆఫీసు ల్యాబ్‌లో రెండు లింకులు పెట్టి చూశాకే నాకు బాగా అర్థమైంది. వంతులేసుకుంటే ఎవరి వంతులో వాళ్లు నాలుగు స్ట్రీములూ పంపుతారు. కానీ నాలుగూ ఒకే బలంతో వెళ్లవు, ఒకటో రెండో నీరసంగా ఉంటాయి. వాటిని వదిలేసి, ఇద్దరూ గట్టివి రెండేసి ఒకేసారి పంపితే, నాలుగు యాంటెన్నాల రిసీవర్ తన రెండూ అందుకుని పక్కవాళ్ల రెండింటినీ వడకట్టేయగలదు. పక్క లింకు గోల మరీ ఎక్కువ లేనప్పుడు మాకు వంతులకన్నా ఇదే మెరుగ్గా వచ్చింది. రిసీవర్లని బాగా దగ్గరికి జరిపితే లాభం దాదాపు మిగల్లేదు.

చిక్కల్లా ఒకటే. మీరు రెండుకి తగ్గి, అవతలివాళ్లు నాలుగూ పంపితే మీ రిసీవర్ మునిగిపోతుంది. అందుకే ఒప్పందం ఉండాలి: వంతులేసుకుంటే వచ్చేదానికన్నా ఎవరికీ తగ్గకూడదు, ఆపైన మిగిలిందే పంచుకోవాలి. గణితవేత్త జాన్ నాష్ చెప్పిన బేరం లెక్క (ఒప్పందం లేకపోయినా వచ్చేదాని పైన మిగిలిన లాభాన్ని ఇద్దరికీ న్యాయంగా పంచే పద్ధతి) మొదలయ్యేది అక్కడే.

మీవి ఇంటి రౌటర్లైతే అవి ఇలా కూడబలుక్కోలేవు. 5 గిగాహెర్ట్జ్‌కి మారండి, మన దేశంలో 2018లోనే అందులో 605 మెగాహెర్ట్జ్ లైసెన్సు లేకుండా వాడుకోనిచ్చారు. ఛానెల్ వెడల్పు 80 మెగాహెర్ట్జ్ నుంచి 40కి తగ్గించి చెరో ఛానెల్ పెట్టుకోండి. రౌటర్‌లో ఎయిర్‌టైమ్ ఫెయిర్‌నెస్ (అందరికీ సమాన టైము ఇచ్చే సెట్టింగ్) ఉంటే ఆన్ చేయండి, కాకపోతే అది మీ రౌటర్ కింది ఫోన్ల మధ్యే పనిచేస్తుంది, పక్కింటి రౌటర్‌తో కాదు.