పెరటి చెట్టు ప్రశ్నలు–జవాబులు: ఈ నెల అంతా యాపిలే

పోయిన నెల మామిడి అంట్ల గురించి రాశాక ఎందుకో గానీ వరసపెట్టి యాపిల్ ఉత్తరాలు వచ్చాయి, అమెరికా నుంచి రెండు, హైదరాబాద్ నుంచి ఒకటి, మన్యం నుంచి ఒకటి. మొదటిదానికి జవాబు బాగా పొడుగైంది, ఏమనుకోకండి, అందులో విషయం అంత ఉంది మరి.

ప్రశ్న: నమస్తే అండీ. న్యూయార్క్ రాష్ట్రంలో హడ్సన్ నది దగ్గర, అల్స్టర్ కౌంటీలో పోయినేడాది ఇల్లు కొన్నాం. వెనక ముప్పావు ఎకరం, అందులో వరసగా ఆరు ముసలి యాపిల్ చెట్లు. ఇల్లు అమ్మినాయన ఒకటి నార్తర్న్ స్పై, ఒకటి రోడ్ ఐలండ్ గ్రీనింగ్ అన్నాడు, మిగతావి ఆయనకీ తెలీదట. కాయలన్నీ నల్ల మచ్చలు, సగం పుచ్చులు. మా వారేమో అన్నీ కొట్టించేసి హనీక్రిస్ప్, కాస్మిక్ క్రిస్ప్ పెడదాం అంటున్నారు, నాకు మనసొప్పట్లేదు. చెట్ల కింద గోంగూర, మెంతికూర చల్దామనుకుంటున్నా, చల్లొచ్చా? – ఒక పాఠకురాలు

జవాబు: ముందు గోంగూర సంగతి తేల్చేద్దాం, అదే అర్జెంటు. మట్టి టెస్ట్ చేయించకుండా ఆ చెట్ల కింద ఆకుకూర ఒక్క గింజ కూడా చల్లకండమ్మా. అమెరికా యాపిల్ తోటల్లో 1890ల నుంచి 1940ల దాకా కాయతొలుచు పురుగుకి లెడ్ ఆర్సెనేట్ కొట్టేవాళ్లు, అంటే సీసమూ ఆర్సెనిక్కూ కలిపిన మందు, ఏడాదికి ఎన్నోసార్లు. డీడీటీ వచ్చాక దాన్ని వదిలేశారు గానీ పూర్తిగా నిషేధం పడింది 1988లో. ఆ రెండూ వాన నీళ్లకి కొట్టుకుపోవు, పై మట్టిలోనే కూర్చుంటాయి. చెట్టు కాయలోకి పెద్దగా ఎక్కవు, అది తినొచ్చు, కానీ నేలబారున పెరిగే ఆకుకూరకి ఆ మట్టే అంటుకుని ఉంటుంది, పిల్లలు ఆడుకునే చోటైతే ఇంకా జాగ్రత్త. ఆరు చెట్లు వరసలో ఉన్నాయన్నారు కదా, అంటే అది ఎవరో సరదాకి పెట్టుకున్న పెరడు కాకపోవచ్చు, పాత తోటలో మిగిలిన ముక్క అయ్యుండొచ్చు. మీ కౌంటీలో కార్నెల్ యూనివర్సిటీ వాళ్ల ఎక్స్‌టెన్షన్ ఆఫీసు ఉంటుంది, సీసానికీ ఆర్సెనిక్‌కీ మట్టి ఎక్కడికి పంపాలో వాళ్లనడగండి. అందాకా గోంగూర చెక్క పెట్టెల్లో, కొన్న మట్టిలో పెంచుకోండి.

ఇక చెట్లు. కొట్టించకండి, కనీసం ఇప్పుడే కొట్టించకండి. మీరున్న చోటు మామూలు చోటు కాదు. మీ కౌంటీలోనే ఈసోపస్ అని ఊరుంది, ఈసోపస్ స్పిట్జెన్‌బర్గ్ అనే యాపిల్ అక్కడ పుట్టిందే, ఒకప్పటి అమెరికా ప్రెసిడెంటు జెఫర్సన్ మాంటిసెల్లోలో తన తోటలో పెట్టించుకున్న రకం. మీ కౌంటీలోనే వుడ్‌స్టాక్‌లో 1820ల్లో జోనథన్ దొరికింది, అది ఈ స్పిట్జెన్‌బర్గ్ గింజ నుంచి వచ్చిందనే అంటారు. ఆ జోనథన్‌ని గోల్డెన్ డెలీషియస్‌తో కలిపి మీ రాష్ట్రంలోనే జెనీవాలో ఉన్న పరిశోధన కేంద్రం 1968లో జోనగోల్డ్ తీసింది. పేరు తెలీని ఆ నాలుగు చెట్లలో ఏముందో ఎవరికి తెలుసు? ఇప్పుడు ఆకు పంపిస్తే డీఎన్ఏ టెస్ట్ చేసి రకం పేరు చెప్పే ల్యాబ్‌లున్నాయి, ఫీజు కట్టి చేయించుకోవచ్చు, కొట్టేశాక మాత్రం ఎవరూ చెప్పలేరు.

నార్తర్న్ స్పై అయితే నిజంగా మంచి చెట్టు. 1800 ప్రాంతంలో న్యూయార్క్‌లోనే ఈస్ట్ బ్లూమ్‌ఫీల్డ్‌లో మొలిచింది, అసలు చెట్టు చచ్చిపోతే దాని మొదట్లో లేచిన పిలకలు తీసి నాటితే రకం బతికింది. కాపుకి రావడానికి పదేళ్లు పైనే తీసుకుంటుంది, అంత ఓపిక ఎవరికీ లేకే కొత్తగా ఎవరూ పెట్టరు, మీ బదులు ఆ పదేళ్లూ ఇంకెవరో ఎదురుచూసి వెళ్లారు! ఆలస్యంగా పూస్తుంది కాబట్టి వసంతంలో చివరి మంచు దెబ్బ తప్పించుకుంటుంది. ఇంకో సంగతి, వేళ్లకి పట్టే దూదిలాంటి పేనుని ఇది తట్టుకుంటుందని ఇంగ్లండ్ వాళ్లు దీన్నే తల్లిగా పెట్టి ఎంఎం106, ఎంఎం111 లాంటి రూట్‌స్టాక్‌లు, అంటే అంటు కట్టడానికి కింద వాడే వేరు మొక్కలు తీశారు, ప్రపంచంలో ఎన్నో తోటల్లో చెట్టు కింద వేరు దీని సంతానమే.

గ్రీనింగ్ వంట యాపిల్. పులుపు. మన వాళ్లు అక్కడ మామిడికాయ దొరక్క గ్రానీ స్మిత్ తెచ్చి పప్పులో వేస్తారు, తురిమి పులిహోర కలుపుతారు, ముక్కలు కోసి ఆవకాయ కూడా పెడతారు కదా, ఆ పనికి గ్రీనింగ్ ఇంకా బావుంటుందని నా నమ్మకం, కొంచెం పచ్చిగా ఉన్నప్పుడే కోసుకోండి. ఒక్కటే చిక్కు, దాని పుప్పొడి పనికిరాదు, ట్రిప్లాయిడ్ అంటారు, జోనగోల్డ్ కూడా అంతే. ఇలాంటి చెట్టు వేరే చెట్టు నుంచి పుప్పొడి తీసుకుంటుంది గానీ తను ఇవ్వలేదు. అందుకని చిన్న తోటలో ఒక గ్రీనింగ్, ఒక జోనగోల్డ్ పెట్టుకుని కాయలు రాలేదని కూర్చుంటే లాభం లేదు, మూడోది ఒక మామూలు రకం ఉండాలి. ఎవరింట్లోనైనా పక్కన క్రాబ్ యాపిల్ పూల చెట్టున్నా సరిపోతుంది.

నల్ల మచ్చలు స్కాబ్ అనే తెగులు. అది రాలిన ఆకుల్లో చలికాలం గడిపి, వసంతంలో వానకి మళ్లీ చిగురు మీదకి ఎక్కుతుంది. కాబట్టి ఆకురాలు కాలంలో ఆకులన్నీ ఊడ్చేయండి, లేదా లాన్ మోవర్‌తో రెండు సార్లు తిప్పి ముక్కలు చేసేయండి, సగం గొడవ అక్కడే తగ్గుతుంది. కొమ్మలు కొట్టడం చలికాలం చివర్లో, మూడేళ్ల మీద మెల్లగా చెయ్యండి, ఒకేసారి గుండు కొట్టిస్తే పగబట్టినట్టు నిటారు రెమ్మలు వందలు లేస్తాయి, కాపు ఉండదు.

ఇప్పుడు మీ వారి మాట. ఆయనన్నది పూర్తిగా తప్పు కాదు, కొత్త రకం కావాల్సిందే, కానీ షాపులో కొత్తది కాదు. కాస్మిక్ క్రిస్ప్ మీకు మొక్కే దొరకదు, వాషింగ్టన్ స్టేట్ యూనివర్సిటీ తీసిన రకం, అమెరికాలో ఆ రాష్ట్రం రైతులకే లైసెన్సు. హనీక్రిస్ప్ దొరుకుతుంది, పేటెంట్ కూడా అయిపోయింది, తినడానికి దానంత కరకర ఇంకోటి లేదు ఒప్పుకుంటా, కానీ పెంచేవాణ్ణి ఏడిపిస్తుంది. కాయకి క్యాల్షియం సరిగ్గా అందక తొక్క కింద చేదు గుంటలు పడతాయి, ఒక ఏడు విరగకాసి మరుసటేడు మొహం చాటేస్తుంది. వారానికోసారి చెట్టు దగ్గరకెళ్లే మనిషికి అది కుదరదు. పెరటికి కావాల్సిన కొత్త రకాలు వేరే ఉన్నాయి, స్కాబ్‌ని పుట్టుకతోనే తట్టుకునేవి. జపాన్ వైపు పూల చెట్టు మలస్ ఫ్లోరిబండాలో ఉన్న ఆ గుణాన్ని పెద్ద యాపిల్‌లోకి ఎక్కించడానికి పర్డ్యూ, రట్గర్స్, ఇల్లినాయ్ యూనివర్సిటీల వాళ్లు దశాబ్దాలు తంటాలు పడ్డారు. జెనీవా వాళ్లు 1978లో ఇచ్చిన లిబర్టీ ఆ కోవలోదే, మందు కొట్టకపోయినా స్కాబ్ మచ్చలుండవు. గోల్డ్‌రష్ 1990ల్లో వచ్చింది, కోసినప్పుడు పుల్లగా ఉండి ఫ్రిజ్‌లో పెట్టిన కొద్దీ తీపెక్కుతుంది, వసంతం దాకా ఆగుతుంది. దానికి రస్ట్ తెగులు పడుతుంది, అది రెడ్ సీడార్ చెట్ల మీంచి వస్తుంది, అవి దగ్గర్లో ఉంటే మాత్రం ఆలోచించండి.

కాబట్టి నా లెక్క ఇది: వంటకి పాతవి, చేత్తో కొరుక్కుని తినడానికి తెగులు తట్టుకునే కొత్తవి. వంటలోకి తొక్క తీసేస్తాం, మచ్చ ఉంటే ఏంటి? ఆరు ముసలి చెట్లలో బోలుపడి పోయేది ఒకటో రెండో ఉంటే వాటి చోటులో కాకుండా కొంచెం దూరంగా ఒక లిబర్టీ, ఒక గోల్డ్‌రష్ పెట్టండి, జి935 లాంటి జెనీవా రూట్‌స్టాక్ మీద తీసుకోండి, మామూలు చెట్టులో సగం ఎత్తే పెరుగుతుంది, కొమ్మలు కాలినట్టు మాడిపోయే ఫైర్ బ్లైట్ తెగులుని తట్టుకుంటుంది, మూడేళ్లకి కాయ చూస్తారు. చుట్టూ ఎనిమిదడుగుల కంచె వెయ్యండి, లేకపోతే జింకలు ఒక్క రాత్రిలో మోడు చేస్తాయి. ముసలి చెట్ల నుంచి ఫిబ్రవరిలో పెన్సిల్ లావు పుల్లలు కోసి, తడి కాగితంలో చుట్టి ఫ్రిజ్‌లో పెట్టుకుని (పక్కన యాపిల్ పండ్లు పెట్టకండి, వాటి గ్యాస్‌కి మొగ్గలు పోతాయి) ఏప్రిల్‌లో అంటు కట్టించండి. చెట్టు పోయినా రకం మీ దగ్గరే ఉంటుంది.

ప్రశ్న: మా పాప హనీక్రిస్ప్ తిని గింజ కుండీలో వేసింది, మొలిచింది! ఎన్నాళ్లకి హనీక్రిస్ప్ కాస్తుంది? – ఒక పాఠకుడు, న్యూజెర్సీ

జవాబు: హనీక్రిస్ప్ ఎప్పటికీ కాయదు సార్. బంగినపల్లి టెంక నాటితే బంగినపల్లి రాదు కదా, ఇదీ అంతే, ప్రతి గింజా ఒక కొత్త రకం, నూటికి తొంభై పైన నోట్లో పెట్టుకోలేనివే వస్తాయి. ఎనిమిది పదేళ్లు పడుతుంది కూడా. కానీ పాప చేత పీకించకండి. ప్రపంచంలో పేరున్న పాత యాపిల్స్ చాలావరకు ఇలా ఎవరూ అడక్కుండా మొలిచినవే, గ్రానీ స్మిత్ సిడ్నీ దగ్గర మరియా ఆన్ స్మిత్ అనే పెద్దావిడ దొడ్లో 1868లో దొరికింది. హనీక్రిస్ప్ కథ ఇంకా తమాషా, మిన్నెసోటా యూనివర్సిటీ వాళ్లు 1960లో కలిపిన గింజ, మధ్యలో పీకేయాల్సిన లిస్టులో కూడా పడి బతికి బయటపడింది, 1991లో విడుదలైంది, తీరా డీఎన్ఏ చూస్తే రికార్డులో రాసిన అమ్మానాన్నలు ఇద్దరూ తప్పే, ఒకరు కీప్‌సేక్ అనే రకం అని తేలింది. మీ మొక్కని కుండీలోంచి తీసి నేలలో పెట్టండి, అది బలపడ్డాక దాని మీదే ఒక కొమ్మకి అసలు హనీక్రిస్ప్ అంటు కట్టిస్తే పాప మాట కూడా దక్కుతుంది.

ప్రశ్న: చిన్నప్పుడు తిన్న సిమ్లా యాపిల్ రుచి ఇప్పుడెందుకు లేదు? పైన ఎర్రగా నిగనిగ, లోపల పిండి. ఆ పాత రకం పోయిందా, లేక మైనం పూస్తున్నారా? – ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: రకం పోలేదు, అదే రెడ్ డెలీషియస్. అమెరికాలో అయోవాలో జెస్సీ హయట్ తోటలో 1870ల్లో అడక్కుండా మొలిచింది, ఫిలడెల్ఫియా నుంచి 1904లో మన దేశానికొచ్చి ఇక్కడే ఉండిపోయి సత్యానంద్‌గా మారిన శామ్యూల్ స్టోక్స్ దాన్ని 1916 ప్రాంతంలో సిమ్లా పైన కోట్‌గఢ్‌లో నాటాడు, ఆ ఒక్క పనితో ఆ కొండల బతుకే మారిపోయింది. తర్వాత అమెరికాలో ఏమైందంటే, ఏ కొమ్మకి ఎక్కువ ఎరుపొస్తే ఆ కొమ్మనే అంటు కడుతూ పోయారు, రంగు పెరిగింది, తొక్క మందమైంది, రుచి ఎవరూ చూసుకోలేదు. చివరికి అక్కడి జనమే విసిగిపోయి 2018లో గాలా అనే రకం దాన్ని దాటేసింది.

పిండిగా ఉండటానికి మాత్రం ఎక్కువ కారణం స్టోరేజీ. ఆక్సిజన్ తగ్గించిన గదుల్లో నెలల తరబడి దాస్తారు, బయటికి తీసి బండి మీద ఎండలో నాలుగు రోజులు పెడితే ఏ యాపిలైనా పిండే. మైనం ఉన్నా తినే మైనమే, గోరువెచ్చటి నీళ్లతో రుద్ది కడిగితే చాలు. హిమాచల్ కాయ ఆగస్టు, సెప్టెంబర్‌లో తినండి, కశ్మీర్‌ది అక్టోబర్, నవంబర్‌లో. వేసవిలో కొనకండి, మామిడి ఉండగా యాపిల్ ఎందుకసలు! ఎప్పుడైనా అంబ్రీ అని కనిపిస్తే వదలకండి, అది కశ్మీర్ సొంత పాత రకం, చూడ్డానికి అంత అందంగా ఉండదు గానీ వాసన గదంతా నిండుతుంది. రెడ్ డెలీషియస్ దెబ్బకి మూలపడింది పాపం.

ప్రశ్న: పాడేరు దగ్గర మాకు కాఫీ తోట పక్కన అరెకరం ఖాళీ ఉంది. లంబసింగిలో యాపిల్ వేశారు, కెరమెరిలో కాసింది అని విన్నాం. అమెరికాలో ఉన్న మా తమ్ముడు మంచి పాత రకాల పుల్లలు తెస్తానంటున్నాడు. అరెకరమూ వేసెయ్యమంటారా? – ఒక రైతు, అల్లూరి సీతారామరాజు జిల్లా

జవాబు: వద్దన్నా. యాపిల్ చెట్టుకి నిద్ర కావాలి, ఏడు డిగ్రీల లోపు చలి మామూలు రకాలకి వెయ్యి గంటల దాకా పడుతుంది, లేకపోతే మొగ్గ సరిగ్గా పగలదు. మీ దగ్గర తెల్లవారుజామున నాలుగైదు డిగ్రీలకి పడుద్ది నిజమే, పేపర్లో ఫోటోలు కూడా వస్తాయి, కానీ పొద్దున పదికల్లా ఎండెక్కిపోద్ది, గంటలు లెక్కేస్తే చాలా తక్కువ. అందుకే అక్కడ పాత అమెరికా రకాలు ఆకులు పెడతాయి, కాయలు కాయవు. తక్కువ చలితో కాసేవి ఇజ్రాయెల్ వాళ్ల ‘అన్నా’ (Anna) అనే రకం, బహామాస్ వాళ్ల డోర్సెట్ గోల్డెన్, మనదైతే హిమాచల్ బిలాస్‌పూర్ జిల్లా రైతు హరిమన్ శర్మ తీసిన హెచ్ఆర్ఎంఎన్-99. వేడి పల్లపు ప్రాంతంలో కాసే రకం తీసినందుకే ఆయనకి 2025లో పద్మశ్రీ ఇచ్చారు. కుమురం భీం జిల్లా కెరమెరి మండలంలో కాసింది కూడా ఆ రకమే. ఇండోనేషియాలో జావా తూర్పున బాటు అనే ఊళ్లో అయితే చలే ఉండదు, కోత అయ్యాక ఆకులన్నీ చేత్తో దూసేస్తారు, చెట్టు దాన్నే చలికాలం అనుకుని మళ్లీ పూస్తుంది, ఏడాదికి రెండు కాపులు తీస్తారు. మీరూ చలికాలం మొదట్లో ఆకు దూసి చూడొచ్చు.

కానీ కాయటం వేరు, గిట్టుబాటు వేరు. జూన్‌లో మీ కాయ వచ్చేసరికి సైజు, రంగు చూసి బేరగాడు ఎంతిస్తాడో ఇంకా ఎవరికీ అనుభవం లేదు. పది మొక్కలు పెట్టండి, అన్నా, డోర్సెట్, హెచ్ఆర్ఎంఎన్ కలిపి, ఒకదానికొకటి పుప్పొడి ఇచ్చుకుంటాయి, నీళ్లు నిలవని వాలులో పెట్టండి. మిగతా నేల కాఫీకీ మిరియానికే ఉంచండి. మొక్క కొనేటప్పుడు ఏ వేరు మీద కట్టారో అడగండి, చెప్పలేని నర్సరీ దగ్గర కొనకండి.

తమ్ముడి పుల్లలు మాత్రం వద్దే వద్దు. చలి సంగతి అటుంచండి, 2003 నాటి ప్లాంట్ క్వారంటైన్ ఆర్డర్ ప్రకారం ఇంపోర్ట్ పర్మిట్, అక్కడి ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య సర్టిఫికెట్ లేకుండా మొక్క, పుల్ల ఏదీ దేశంలోకి తేకూడదు. సూట్‌కేసులో బట్టల మధ్య పెట్టి తెచ్చిన ఒక్క పుల్లతో ఫైర్ బ్లైట్ లాంటిది దిగిందంటే మీ అరెకరంతో పోదు, సిమ్లా దాకా పాకుద్ది. తమ్ముణ్ణి ఉత్త చేతుల్తో రమ్మనండి.