సయామీస్ డ్రీమ్: ఆ గిటార్ల హోరు వెనక ఏముంది?

ప్రశ్న: స్మాషింగ్ పంప్‌కిన్స్ వాళ్ల ‘సయామీస్ డ్రీమ్’ తొంభైల రాక్‌లో గొప్ప ఆల్బమ్ అంటారు. రెండుసార్లు విన్నాను. గిటార్ల హోరు తప్ప ఏమీ చెవికెక్కలేదు. దీన్ని ఎలా వినాలి?

నాకూ మొదట్లో అచ్చం ఇలాగే ఉండేది. ఒకటి రెండు రోజులు కాదు, దాదాపు మూడు నెలలు. అందుకే మీ ప్రశ్న చూడగానే జవాబు రాయాలనిపించింది.

2007 చివర్లో ప్రాజెక్టు పని మీద షికాగో వెళ్లాను. ఊరికి పడమటి వైపు గ్లెన్‌డేల్ హైట్స్ అనే చోట అపార్ట్‌మెంట్ తీసుకున్నాం, ఇంకో తెలుగబ్బాయీ నేనూ. ఆఫీసుకు నలభై నిమిషాల డ్రైవింగ్, మంచు పడితే గంటన్నర. దారిలో వినడానికి లైబ్రరీ నుంచి సీడీలు తెచ్చుకునేవాణ్ణి. మా టీమ్‌లో అక్కడే పుట్టి పెరిగిన ఒకాయన ఒకరోజు లంచ్‌లో, ‘నువ్వుంటున్న ఊళ్లోనే బిల్లీ కోర్గన్ పెరిగాడు, తెలుసా?’ అన్నాడు. ఎవరాయన అని అడిగితే, స్మాషింగ్ పంప్‌కిన్స్‌లో పాడుతూ గిటార్ వాయించేది ఆయనేనని ఈ ఆల్బమ్ పేరు చెప్పాడు. ఆ సాయంత్రమే లైబ్రరీకి వెళ్లి తెచ్చాను.

విన్నాను. నచ్చలేదు. నేను సినిమా పాటలు వింటూ పెరిగినవాణ్ణి. పాట మొదలవగానే నా చెవి గొంతు కోసం వెతుకుతుంది. మన పాటల్లో గొంతు ముందు నిలబడుతుంది, వాయిద్యాలు దానికి దారిచ్చి వెనక నడుస్తాయి. ఇక్కడ గొంతు గిటార్ల మధ్య ఎక్కడో ఇరుక్కుపోయి ఉంది. పైగా సన్నటి గొంతు, కాస్త ముక్కుతో పాడినట్టుంటుంది. మీరు ‘ఏమీ చెవికెక్కలేదు’ అన్నది బహుశా ఇదే అయ్యుంటుంది.

ఇంకో సంగతి కూడా ఉంది. నా సెకండ్ హ్యాండ్ కారులో ఎడమవైపు స్పీకర్లు పనిచేసేవి కావు. ఎలాగూ ఇంకొన్నాళ్లలో వెనక్కి వెళ్లిపోతాం కదా అని బాగు చేయించలేదు. అంటే ఆ మూడు నెలలూ నేను విన్నది సగం ఆల్బమ్. ఫిబ్రవరిలో ఒక రాత్రి రూమ్మేట్ నిద్రపోతుంటే, వాడికి ఇబ్బంది ఎందుకని హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ల్యాప్‌టాప్‌లో ఆ సీడీ వేశాను. తొమ్మిదో పాట, ‘మేయొనేజ్’ వచ్చింది. దాని మొదట్లో ఏ హోరూ ఉండదు. రెండు మూడు గిటార్లు మెల్లగా ఒకదాన్నొకటి పలకరించుకుంటున్నట్టు మోగుతాయి. అందులో ఎడమ చెవిలో పలుకుతున్నది నేను అంతకుముందు ఎన్నడూ వినలేదు. అన్నిసార్లు విన్న పాటే, కొత్త పాటలా ఉంది. లేచి కూర్చున్నాను. ఆ రాత్రి పాటని ఒకసారి కుడి చెవితో, ఒకసారి ఎడమ చెవితో, తర్వాత రెండింటితో, ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. హోరు అనుకున్నది విడిపోయి పొరలు పొరలుగా కనిపించడం మొదలైంది.

ఆ పొరలు ఎలా వచ్చాయో తెలుసుకుంటే ఈ ఆల్బమ్ ఇంకా దగ్గరవుతుంది. 1992 డిసెంబరు నుంచి 1993 మార్చి దాకా జార్జియా రాష్ట్రంలో, అట్లాంటా దగ్గరి మారియెటాలో ట్రైక్లాప్స్ అనే స్టూడియోలో దీన్ని రికార్డు చేశారు. ప్రొడ్యూసర్లు బుచ్ విగ్, బిల్లీ కోర్గన్. షికాగో బ్యాండ్ అంత దూరం వెళ్లడానికి ఒక కారణం డ్రమ్మర్ జిమ్మీ చేంబర్లిన్. ఆయనకు మత్తు అలవాటు ఉండేది. తెలిసిన ఊళ్లో ఉంటే ఆ సరుకు తెచ్చిచ్చేవాళ్లు వదలరని దూరంగా తీసుకెళ్లారు. కోర్గన్ పరిస్థితీ బాగాలేదు. తీవ్రమైన డిప్రెషన్‌లో ఉన్నాడు, పాటలు రావడం ఆగిపోయింది. గిటారిస్ట్ జేమ్స్ ఈహా, బేస్ వాయించే డార్సీ రెట్స్కీ అప్పటికే ప్రేమించుకుని విడిపోయారు. ఇవన్నీ చాలవన్నట్టు, 1991లో ఇదే బుచ్ విగ్ చేసిన, నిర్వాణా అనే బ్యాండ్ ఆల్బమ్ ‘నెవర్‌మైండ్’ ప్రపంచాన్ని ఊపేసింది కాబట్టి తర్వాతి సంచలనం మీదేనని అందరూ వీళ్ల వైపు చూస్తున్నారు. ఆ టెన్షన్ ఊహించుకోండి.

అందులోంచి కోర్గన్ ఎంచుకున్న దారి, ప్రతిదీ తప్పు లేకుండా రావాలన్నది. గిటార్, బేస్ భాగాల్లో చాలావరకు తనే వాయించాడు. దానివల్ల మిగతా ఇద్దరితో గొడవలు పెరిగాయి. నేనైతే దీన్ని గొప్ప లక్షణం అనను. తోటివాళ్లను అలా పక్కనపెట్టడం తప్పే. అయితే మనం వింటున్న శబ్దం అంత ఒక్కటిగా ఉండటానికి ఆ పట్టుదలే కారణమన్నది కూడా నిజం. రోజుకు పన్నెండు గంటలు దాటి పనిచేసేవాళ్లు. కంప్యూటర్‌లో కాపీ చేసి అతికించడం లేదు, అంతా టేప్ మీదే. ఒక గిటార్ భాగం వాయించాలి, దాని మీద మళ్లీ అదే వాయించాలి, ఆపైన మళ్లీ. ‘సోమా’ అనే ఒక్క పాటలోనే నలభై దాకా గిటార్ పొరలున్నాయని చెబుతారు.

అదే భాగాన్ని మళ్లీ మళ్లీ వాయిస్తే ఏమొస్తుందని అడగొచ్చు. పెళ్లిలో సన్నాయి మేళం గుర్తు తెచ్చుకోండి. ఇద్దరు కూర్చుని ఒకే కీర్తన వాయిస్తారు. ఎంత తోడుదొంగల్లా కలిసినా వెంట్రుకవాసి తేడా ఉంటుంది, ఒకరి ఊపిరి ఒక క్షణం ముందు, ఒకరి గమకం ఒక క్షణం వెనక. ఆ చిన్న తేడాల వల్లే నాదం వెడల్పవుతుంది, మండపమంతా నిండుతుంది. ఒక్కరే రెట్టింపు గట్టిగా వాయిస్తే అది రాదు. ఇక్కడ కూడా అంతే, కాకపోతే ఇద్దరి చోట ఇరవై మంది, ఆ ఇరవై మందీ ఒక్కడే. దానికితోడు బిగ్ మఫ్ అనే ఫజ్ పెడల్ (గిటార్ శబ్దాన్ని మార్చే, కాలితో నొక్కే చిన్న పెట్టె) గుండా పంపితే గిటార్ తీగ మోత నురగలా పొంగి, అంచులు మెత్తబడుతుంది. ఈ ఆల్బమ్‌లోని గిటార్ హోరు గరుకుగా కాకుండా ఉన్నిలా అనిపించేది అందుకే. చివరికి విగ్, కోర్గన్ ఇద్దరూ అలసిపోయి, మిక్సింగ్ పనిని ఇంగ్లండ్‌కు చెందిన ఆలన్ మోల్డర్‌కు అప్పగించారు. ఇన్ని పొరలు ఒకదాన్నొకటి మింగేయకుండా చూసింది ఆయనే.

నాకు ఈ ఆల్బమ్ మొత్తం, లోపల భయపడుతున్న మనిషి మందపాటి రజాయి కప్పుకుని దాని కింద నుంచి పాడుతున్నట్టు ఉంటుంది. రజాయి తీసేస్తే పాడలేడు. అందుకే గొంతు అంత లోపల ఉంది. ఇది తట్టాక నేను గొంతు ముందుకు రావాలని ఎదురుచూడటం మానేసి, నేనే లోపలికి వెళ్లి వినడం మొదలుపెట్టాను.

ఆ రజాయి తీసేసిన పాట ఒక్కటుంది, ‘డిసార్మ్’. అందులో గిటార్ హోరే లేదు. అకౌస్టిక్ గిటార్, వయొలిన్లు, గంటల మోత, టింపనీ అనే పెద్ద డోళ్లు. తల్లిదండ్రుల మీద, తన చిన్నతనం మీద ఉన్న బాధంతా అందులో బయటికొస్తుంది. సాహిత్యంలో ఒక మాట పసిపిల్లల మీద హింసలా ధ్వనిస్తుందని బీబీసీ వాళ్లు ‘టాప్ ఆఫ్ ది పాప్స్’ కార్యక్రమంలో ఆ పాటను రానివ్వలేదు. అయినా 1994లో బ్రిటన్ చార్టులో 11వ స్థానం దాకా వెళ్లింది. మొదటిసారి వింటున్నవాళ్లకు ఇదే తొందరగా నచ్చుతుంది, ఎందుకంటే గొంతు మనకు అలవాటైన చోటే ఉంది.

‘టుడే’ గురించి ఒక మాట. మొదట్లో వచ్చే ఆ చిన్న గిటార్ పలుకు చంటిపిల్లల బొమ్మలోంచి వస్తున్నట్టుంటుంది. పాట పేరు, రాగం అన్నీ ఉత్సాహంగానే ఉంటాయి. కోర్గన్ మాత్రం దాన్ని చచ్చిపోవాలనిపించిన రోజుల్లోంచి రాశానని చెప్పాడు. నేను అది తెలియక ముందు కారులో ఈల వేస్తూ విన్నాను. తెలిశాక ఒక్కసారి కూడా ఈల వేయలేకపోయాను. జనానికి బ్యాండ్‌ను బాగా దగ్గర చేసింది కూడా ఈ పాటే. 1993 జులై 27న విడుదలైన ఆల్బమ్ అమెరికా బిల్‌బోర్డ్ చార్టులో 10వ స్థానంలో అడుగుపెట్టింది, ఆ దేశంలోనే నలభై లక్షలు దాటి అమ్ముడైంది. అంతకుముందు 1991లో వచ్చిన వాళ్ల మొదటి ఆల్బమ్ ‘గిష్’ ఇరవై వేల డాలర్లలో పూర్తయిన చిన్న ప్రయత్నం. అక్కణ్ణించి ఇక్కడికి.

అన్ని పాటలూ నాకు సమానంగా ఇష్టం అని చెప్పను. పదకొండోది ఎనిమిది నిమిషాలు దాటుతుంది, అంత సాగదీయకుండా ఉండాల్సిందని ఇప్పటికీ అనిపిస్తుంది. ‘క్వైట్’ పేరుకు పూర్తి విరుద్ధం, మొదట్లోనే దాన్ని వింటే తలనొప్పి ఖాయం. ‘గీక్ యు.ఎస్.ఏ.’ని మాత్రం డ్రమ్స్ కోసమే ఒకసారి వినండి. చేంబర్లిన్ చేతుల్లో జాజ్ ఉంది. అంత వేగంలోనూ దెబ్బ దెబ్బకూ బరువు మారుతూ ఉంటుంది.

ఇక ఎలా వినాలి అన్నదానికి వస్తాను. ఫోన్ స్పీకర్‌లో వద్దు. పొరలన్నీ ఒకే చిన్న రంధ్రంలోంచి రావాల్సి వచ్చి ముద్దయిపోతాయి. మామూలు ఇయర్‌ఫోన్స్ చాలు, ఖరీదైనవి అక్కర్లేదు. వాల్యూమ్ సగం కన్నా తక్కువ పెట్టండి. మొదటి పాటతో మొదలుపెట్టకండి. ముందు ‘డిసార్మ్’ వినండి, గొంతుకు అలవాటు పడతారు. తర్వాత ‘సోమా’. ఆరున్నర నిమిషాల పాట, సగం దాకా నిద్రపుచ్చేంత మెత్తగా ఉంటుంది. అందులో పియానో వాయించింది ఆర్.ఈ.ఎం. బ్యాండ్‌కు చెందిన మైక్ మిల్స్. పాట సగం దాటాక గిటార్లన్నీ ఒక్కసారిగా మీద పడతాయి. అక్కడ వాల్యూమ్ తగ్గించకండి. మెత్తగా విన్న రాగమే ఆ హోరు లోపల నడుస్తోంది, దాన్ని వదలకుండా పట్టుకోండి. ఒకసారి దొరికితే మిగతా పాటల్లోనూ దానంతటదే దొరుకుతుంది.

ఆ తర్వాత ‘మేయొనేజ్’. కోర్గన్, జేమ్స్ ఈహా కలిసి కట్టిన పాట ఇది. అందులో కోర్గన్ చవగ్గా కొన్న ఒక పాత గిటార్ వాడాడు. వాయించడం ఆపిన ప్రతిసారీ దానంతట అదే సన్నగా ఈల వేసేదట. ప్రతి స్వరం తప్పు లేకుండా రావాలని పట్టుబట్టిన మనిషి ఆ ఈలను తీసేయలేదు, పాటలో భాగం చేసేశాడు. గిటార్ ఒక్క క్షణం ఆగిన చోట చెవి పెట్టండి, వినిపిస్తుంది. ముందు ఒక చెవితో, తర్వాత రెండో దానితో.